మేడారము గాథలో అద్భుతరసము

వీరుల సాహసములు, వనదేవతలు, మంత్రశక్తులు, కూలిపోయిన రాజవంశములు కలగలిసిన కథలపై పాఠకలోకమునకు ఆసక్తి హెచ్చుచున్నది. చీనా, జపాను, కొరియా దేశముల జానపదగాథలనుండియు చరిత్రలనుండియు పుట్టిన ఇట్టి కథలు నవలలుగా, చలనచిత్రములుగా మన యువకులకు చేరుచున్నవి. తెలుగువారికి ఈ రుచి క్రొత్తది కాదు. మధిర సుబ్బన్న దీక్షితులవారి కాశీమజిలీ కథలు, దాసరి సుబ్రహ్మణ్యంగారు చందమామలో వ్రాసిన ధారావాహికలు దానిని ఏనాడో పెంచి పోషించినవి. అయినను విమర్శకులలో పలువురు ఈ కోవ రచనలను బాలవినోదముగా నెంచి ప్రక్కకు నెట్టిరి. అద్భుతము కాలక్షేపమునకే గాని జీవితసత్యమును తెలుపుటకు పనికిరాదని వారి వాదము. ఈ వాదము అన్ని చోట్ల చెల్లదనుటకు ఖమ్మము, భద్రాచలము అడవుల అంచున నేటికిని వినవచ్చుచున్న సమ్మక్క సారలమ్మల గాథయే నిదర్శనము. ఆ గాథను జపాను దేశపు రెండు కృతులతో పోల్చి, అందు అద్భుతము ఏ స్థానమున నిలిచినదో పరిశీలించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

గాథ సుప్రసిద్ధమే. కోయదొరలు వేటకు పోయి, పులుల నడుమ ఆడుకొనుచున్న పసిబిడ్డను కనుగొనిరి. ఆమెయే సమ్మక్క. ఆమె పగిడిద్దరాజును పెండ్లాడి సారలమ్మ, నాగులమ్మ, జంపన్నలను కనెను. కరవువలన కోయలు కప్పము చెల్లింపలేకపోగా కాకతీయ ప్రతాపరుద్రుని సేన మేడారముపైకి వచ్చెను. పగిడిద్దరాజు, సారలమ్మ, ఆమె భర్త గోవిందరాజు, నాగులమ్మ నేలకొరిగిరి. జంపన్న సంపెంగవాగులో దుమికి ప్రాణము విడిచెను. అది నేడు జంపన్నవాగు. వెన్నుపోటు తిన్న సమ్మక్క చిలుకలగుట్టవైపు నడచి అదృశ్యమాయెను. వెదకబోయినవారికి నాగవృక్షము క్రింద కుంకుమభరిణె మాత్రము కనబడెను. వంశములను, సంఘటనలను గూర్చి పాఠభేదములు పెక్కు కలవు. ఈ చివరి ఘట్టము మాత్రము ప్రచారములోనున్న కథనములకెల్ల ఆయువుపట్టు.

కాకతీయ శాసనములలో ఈ యుద్ధప్రసక్తి కానరాదు గనుక ఇది చరిత్ర కాదని కొట్టివేయుట సులభము. కాని శాసనము వేయించినవాడు జయించినవాడే కదా! ఓడినవాని మాట శిలపైకి ఎక్కదు, గొంతులోనే నిలుచును. ఇచ్చట అలంకారశాస్త్రవిద్యార్థులు గమనింపవలసిన విశేషమొకటి కలదు. ఆ ప్రతాపరుద్రుని ఆస్థానముననే విద్యానాథుడు ప్రతాపరుద్రీయము రచించెను. అందు నాటకలక్షణములకు ఉదాహరణముగా ఐదంకముల ప్రతాపరుద్రకల్యాణమును కూర్చి, తన ప్రభువునే నాయకునిగా నిలిపెను. అది రాజ్యలాభముతో, పట్టాభిషేకముతో ముగియు కథ. అడవి చెప్పుకొన్న కథలో ఆ నాయకుడే ప్రతినాయకుడు. ఒకే రాజు సంస్కృతమున ఒక విధముగను, అడవి గొంతున మరియొక విధముగను కానవచ్చుచున్నాడు. రెంటిని ప్రక్క ప్రక్కన ఉంచి చదువనిదే ఆ యుగము మనకు సగమే తెలియును.

భరతుడు నాటకములన్నిటను నిర్వహణసంధియందు అద్భుతరసము ఉండవలెనని విధించెను. మేడారము గాథ ఈ సూత్రమునకు చక్కని లక్ష్యము. కాశీమజిలీ కథలవంటి వానిలో అద్భుతము దారిపొడవునను పరచుకొని యుండును. మాంత్రికుడు అడ్డుపడును, యక్షిణి తోడుపడును, తుదకు నాయకుడు రాజ్యమును, రాకుమార్తెను పొంది ఇల్లు చేరును. అందు అద్భుతము సాధనము, ఫలము లౌకికము. మేడారము గాథ నడిమి భాగమందన్నచో మంత్రతంత్రములు ప్రధానములు కావు. అచ్చట నున్నవి కరవు, కప్పము, కత్తి, చావు. జననమున ఒకమారు తొంగిచూచిన అద్భుతము మరల తుదిని, కరుణము భరింపరానంత పెరిగిన చోట, పూర్ణముగా వెలయుచున్నది. సమ్మక్క మరణింపలేదు, అడవిలో కలిసినది. ఓటమిని ఒప్పుకొనుచునే దాని పర్యవసానమును నిరాకరించుటకు జాతి కనుగొన్న మార్గమిది. ఇట్టి అద్భుతమును పలాయనమనుట యుక్తము కాదు.

రెండేండ్లకొకమారు మాఘమాసమున జరుగు జాతర ఈ నిర్వహణసంధిని మరల ప్రదర్శించుచున్నది. కన్నెపల్లినుండి సారలమ్మ, పూనుగొండ్లనుండి పగిడిద్దరాజు, కొండాయినుండి గోవిందరాజు మొదట గద్దెలను చేరుదురు. మరునాడు చిలుకలగుట్టనుండి సమ్మక్క వచ్చును. విగ్రహము లేదు. చచ్చినవారు, మాయమైనవారు ఊరూరినుండి నడచివచ్చి కలిసికొందురు, నాలుగవనాడు మరల అడవికి పోదురు.

ఓడినవారి కథను వాద్యముతో పాడి నిలుపుకొనుట మన అడవికే పరిమితము కాదు. జపాను దేశమున 1180 నుండి 1185 వరకు జరిగిన యుద్ధమున తైరా వంశము నశించెను. దన్‌నౌర సముద్రయుద్ధమున బాలచక్రవర్తి అంతోకును ఎత్తుకొని అతని అమ్మమ్మ నీట మునిగెను. ఈ కథను అంధులైన గాయకులు బివా అను తంత్రీవాద్యముపై పాడుచు తిరిగిరి. వారిలో కకుయిచి అనునతడు 1371లో చెప్పి వ్రాయించిన పాఠము హెయికె గాథకు ప్రామాణికమైనది. లఫ్కాడియో హెర్న్ 1904లో ప్రకటించిన సంపుటములోని హోయిచి కథలో, ఆ గాయకుని పాట వినుటకు తైరావంశపు ప్రేతములే వచ్చును. పాటకు మొదటి శ్రోతలు మృతులనుట ఆ కథలోని భావము. కోయల డోలీలు మరణకర్మలందును, ఇలవేల్పుల కొలువులందును డోలు వాయించుచు, పూర్వుల రూపములున్న పడిగెను నిలిపి వంశగాథలు పాడుట దీనికి మిక్కిలి సన్నిహితము. భేదము మాత్రము గొప్పది. హెయికె గాథ బౌద్ధభావముతో అనిత్యతను బోధించి, సన్యసించిన రాజమాత చరమదశతో శాంతమున ముగియును. మేడారము గాథ శాంతించదు. వెళ్ళిన తల్లి మరల వచ్చునను నమ్మకమే దానికి ముగింపు.

రెండవ కృతి ఆధునికము. మియజాకి హయావో 1997లో నిర్మించిన మొనొనొకె రాకుమారి చలనచిత్రమునకు మురొమాచి యుగపు చరిత్ర, వనదేవతల జానపదవిశ్వాసము ఆధారములు. తోడేళ్ళు పెంచిన సాన్ అను కన్య, ఇనుము కరగించు ఊరిపై పోరాడును. పులుల నడుమ దొరికిన సమ్మక్క మనకు వెంటనే జ్ఞప్తికి వచ్చును. కాని ఈ పైపోలిక కంటె ముఖ్యమైనది వేరొకటి. ఆ ఊరికి నాయకురాలైన ఎబోషి అడవిని నరికినను దుష్టురాలు కాదు. అమ్ముడుపోయిన స్త్రీలకు, కుష్ఠరోగులకు ఆమె ఆశ్రయమిచ్చినది. శత్రువునకును న్యాయముండుటచే కథకు లోతు కలిగినది. మన గాథను నవలగా మలచువారు ఇది నేర్వదగును. కాకతీయుల కాలమున రామప్ప, లక్నవరము, పాకాల చెరువులు వెలసినది ఈ అడవుల అంచుననే. చెరువు పంటను పెంచెను. పంట పన్నును తెచ్చెను. పన్నుతో రాజ్యము అడవి లోపలికి జరిగెను. నీరిచ్చిన రాజ్యమే నీరులేని ఏట కప్పమడిగినదన్నప్పుడు గాథలోని సంఘర్షణ ఎంత బరువెక్కునో ఊహింపవచ్చును. ప్రతాపరుద్రుని కేవలము క్రూరునిగా చిత్రించినచో ఈ బరువు తేలిపోవును.

కాన ఈ గాథనుండి సాహసకావ్యమును నిర్మింపదలచిన రచయితకు రెండు బాధ్యతలు కలవు. ఒకటి, అద్భుతమును అలంకారముగా ప్రతి పుటను చల్లక, అది నిలువవలసిన తుదిచోటున నిలుపుట. రెండు, ఓటమిని గెలుపుగా మార్చకుండుట. సమ్మక్కకు దివ్యాస్త్రములిచ్చి ఓరుగల్లును జయింపజేసినచో పాఠకుడు సంతోషించునేమో గాని, జంపన్నవాగు ఎందుకు పూజింపబడుచున్నదో ఆ నవల చెప్పజాలదు.

పరిశోధకులకును పని మిగిలియున్నది. మణుగూరు ప్రాంతమునకు చెందిన డోలుకళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించినది. ఆయన 2024లో కాలధర్మము చెందెను. డోలీ పాటను పడిగెలోని బొమ్మలతోను, కోయమాటలతోను, పాడిన సందర్భముతోను కలిపి నమోదు చేసినప్పుడే అది పాఠమగును. కేవలము కథాసారమును తెలుగున వ్రాసికొని వచ్చినచో మనకు దక్కునది ఇతివృత్తమే గాని కావ్యము కాదు. పాఠభేదములను ఒక్కటిగా సరిపెట్టక, ఏ ఊరిలో ఏ గట్టువారు ఎట్లు పాడిరో అట్లే నిలిపినచో, రేపటి రచయితకు ఆధారము, నేటి విమర్శకునకు ప్రమాణము ఏర్పడును.