గడ్డను చూపుట వేరు, వెదకుట వేరు

రొమ్ము క్యాన్సరును తొలిదశలోనే పసిగట్టు సాధనములలో పాలిమరు పొరలకు ఈ మధ్య మంచి పేరు వచ్చినది. ఆ పేరు ఎంతవరకు న్యాయమో విచారింపదగియున్నది.

నెదర్లాండ్సులోని ట్వెంటె విశ్వవిద్యాలయమువారి యంత్రమును చూతము. అందులో లేసరు కాంతిని క్షణములో అత్యల్పభాగము సేపు రొమ్ముపై ప్రసరింపజేయుదురు. రక్తములోని హీమోగ్లోబిను ఆ కాంతిని పీల్చుకొని, వేడెక్కి, రవంత వ్యాకోచించును. దానివలన మన చెవికందని ధ్వని పుట్టును. క్యాన్సరు గడ్డ చుట్టును రక్తనాళములు దట్టముగా పెరుగును గనుక అచ్చటి ధ్వని హెచ్చుగా నుండును. దానిని గ్రహించునది పాలివినైలిడీన్ ఫ్లోరైడు అను పాలిమరు పొర. నొక్కిన విద్యుత్తు పుట్టు గుణము ఈ పదార్థమునకు బలముగా కలదని జపానులో కవాయి 1969లో తెలిపెను. పింగాణీవంటి గట్టి పలకకు తగిలిన ధ్వని చాలవరకు వెనుకకు మరలిపోవును. మెత్తని పొర దానిని సులభముగా లోనికి రానిచ్చును. క్ష-కిరణములతో పనిలేదు. కాంతి కొద్ది సెంటీమీటర్లకు మించి లోపలికి చొరదను లోపమున్నను, ఇంతవరకు మెచ్చుకొనవలసినదే.

కాని 2007లో ప్రకటించిన చిత్రములు ఎవరివి? గడ్డయున్నదని అంతకుముందే అనుమానింపబడిన స్త్రీలవి. ఆరోగ్యముగా తిరుగుచున్న వేలమందిలో వెదకుట మరియొక పని. పదివేలమందిలో పదిమందికి వ్యాధి యున్నదనుకొందము. యంత్రము తొమ్మిదిమందిని పట్టుకొని, వ్యాధిలేని 9,990 మందిలో నూటికి పదిమందిని పొరపాటున అనుమానించినదనుకొందము. అనుమానితులు 1,008 మంది. వారిలో నిజముగా రోగులు 9 మందే! తరగతిలో నల్లబల్లపై వేసి చూపదగిన లెక్క యిది.

2023 మార్చి 8న కరీంనగరులో ప్రారంభమైన ‘ఆరోగ్య మహిళ’ పథకములో రొమ్ము క్యాన్సరు పరీక్షయు చేరినది. ఇట్టి కేంద్రములో ఉట్నూరు ప్రాంతపు గోండు స్త్రీతో “అనుమానముగా నున్నది” అనుట తేలిక. సూదితో కణములు తీయించుకొనుటకు ఆమె కూలి మానుకొని ఆదిలాబాదుకో, హైదరాబాదుకో పోవలెను. పై లెక్కలో 999 మంది వృథాగా చేయు ప్రయాణమది. ఆ రాత్రుల భయము లెక్కకు రాదు.

ముంబయిలో టాటా స్మారక ఆసుపత్రివారు 1,51,538 మంది స్త్రీలను రెండు వర్గములు చేసి, ఇరువదేండ్లు పరిశీలించి, 2021లో ఫలితము ప్రకటించిరి. ఒక వర్గమును శిక్షణ పొందిన కార్యకర్తలు రెండేండ్లకొకసారి చేతితోనే పరీక్షించిరి. ఆ వర్గములో ఏబదేండ్లు దాటినవారియందు రొమ్ము క్యాన్సరు మరణములు దాదాపు నూటికి ముప్పదివంతున తగ్గినవి. అంతకు చిన్నవారిలో చెప్పుకోదగిన తగ్గుదల లేదు. పాలిమరు పొరను పోల్చి చూడవలసినది ఈ చేతితో, అందును ఆ చిన్న వయసువారిలో. 2007నాటి చిత్రములలో ఆ పోలిక లేదు.