నిలబడ్డ కాగితం

జర్మనీలోని బౌహౌస్ కళాపాఠశాలలో కొత్తగా చేరిన విద్యార్థులకు ఉపాధ్యాయుడు జోసెఫ్ ఆల్బర్స్ పాత పేపర్ల కట్ట తెచ్చి పంచాడు. వీటితో ఏం చేయొచ్చో మీరే కనుక్కోండి, కాగితం గానీ శ్రమ గానీ వృథా కాకూడదు అని చెప్పి వెళ్లిపోయాడు. కొన్ని గంటలకు తిరిగొచ్చేసరికి కోటలు, పడవలు, విమానాలు, జంతువులు తయారై ఉన్నాయి. ఇవన్నీ వేరే సరుకుతో ఇంకా బాగా వస్తాయి కదా అన్నాడు. చివరికి ఆయన చూపు ఒక హంగేరియన్ యువకుడి పని మీద ఆగింది. అతను చేసిందల్లా పేపరును నిలువునా మడిచి, అంచు మీద నిలబెట్టడమే. అప్పటి విద్యార్థి హానెస్ బెక్‌మన్ ఈ సంగతి తర్వాత రాసి పెట్టాడు.

ఆ మడతను కాస్త ఆగి చూడాలి. బల్ల మీద పరిచిన పేపరుకు ఒక ముఖమే కనబడుతుంది. మడిచి నిలబెడితే రెండు ముఖాలూ బయటికొస్తాయి. తనంతట తాను నిలవలేని మెత్తని కాగితానికి ఆ మడతే దన్ను. జిగురు లేదు, కత్తెర లేదు, తుక్కు లేదు. మామూలుగా కాగితాన్ని పరుస్తాం, అతికిస్తాం. అందుకే ఆల్బర్స్ నిలబెట్టమనేవాడు, అతికించొద్దనేవాడు. అలవాటైన పద్ధతి కుదరదన్నప్పుడే చెయ్యి కొత్తది వెతుకుతుంది.

ఆ తరగతిలో పుట్టినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1927-28 నాటి ఒక విద్యార్థి పని. గుండ్రటి కాగితం, నడుమ రంధ్రం, దాని చుట్టూ ఒకదాని బయట ఒకటిగా వృత్తాలు. ఒక వృత్తం మీద మడత పైకి, తర్వాతి దాని మీద కిందికి. అంతే. మడతలు బిగిసే కొద్దీ కాగితం దానంతటదే మెలితిరిగి గుర్రపు జీనులా లేస్తుంది. మడతలు వలయాలను మధ్యకు దగ్గర చేస్తాయి గానీ అంచు పొడవు తగ్గదు. అంత పొడవు ఆ కాస్త చోటులో ఇమడక, ఎదురెదురుగా రెండు వైపుల పైకి, మిగతా రెండు వైపుల కిందికి వంగుతుంది. ఇలాంటి ఆకారాన్ని ముందే ఊహించి బొమ్మ గీసుకోవడం ఎవరి తరం? వంపు మడతల గణితం మీద పరిశోధకులు ఇప్పటికీ పని చేస్తున్నారు.

ఇదంతా ఆడుతూ పాడుతూ సాగిందనుకుంటే పొరపాటు. ముందు ఏమీ చెప్పకుండా మీరే కనుక్కోండన్న ఆల్బర్సే, చివర్లో అందరి పనులూ ఒకచోట పెట్టించి, ఇలా ఎందుకు చేశావని అడిగేవాడు. కారణం చెప్పాల్సిందే. తోచినట్టు చేసిన పనికి కూడా లెక్క చెప్పించిన ఈ పట్టుదలే ఆయన బోధనలో నన్ను ఎక్కువగా ఆకట్టుకుంటుంది.

ఆయన సొంత సాధనా చేతికందిన సరుకుతోనే మొదలైంది. 1920లో బౌహౌస్‌లో విద్యార్థిగా చేరిన కొత్తలో వైమర్ ఊరి చెత్తకుప్పల్లో సుత్తి పట్టుకుని పగిలిన సీసాలు ఏరుకొచ్చి, గాజు ముక్కలతో చిత్రాలు కూర్చాడు. 1923లో అక్కడే పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. 1933లో నాజీల ఒత్తిడికి బౌహౌస్ మూతపడింది. ఆయన అమెరికాలోని బ్లాక్ మౌంటెన్ కాలేజీకి వెళ్లాడు. అక్కడ ఆయన దగ్గర చదివిన రూత్ అసావా 1947లో మెక్సికోలోని తొలూకాలో తీగ బుట్టల అల్లిక నేర్చుకుంది. ఆ అల్లికతోనే లోపలా బయటా ఒకేసారి కనబడే శిల్పాలు చేసింది. 1968లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బడి పిల్లల కోసం కళాశిక్షణ ప్రారంభించి, గోధుమపిండి, ఉప్పు, నీళ్లు కలిపిన ముద్దనే వాళ్ల చేతుల్లో పెట్టింది.

మన బడుల్లోని డ్రాయింగు మాస్టార్లకు, టీచరమ్మలకు ఒక మనవి. ఒక్క పీరియడు రంగుపెన్సిళ్లు పక్కన పెట్టించి, పిల్లలకు తలా ఒక పాత పేపరు ఇచ్చి నిలబెట్టమనండి. జిగురు ఇవ్వొద్దు. అదెలా నిలబడిందో చివర్లో వాళ్ల నోటితోనే చెప్పించండి.