పుర్రె మీద ముఖం కట్టేవాళ్లు

కణతల మీద వేళ్లు ఆనించి పళ్లు గట్టిగా బిగించండి. చర్మం కింద ఏదో ఉబ్బి వేళ్లను పైకి తోస్తుంది. అది టెంపొరాలిస్ కండరం. వేళ్లను చెవి ముందు నుంచి దవడ మూలకు దించి మళ్లీ బిగిస్తే గట్టిగా తగిలేది మాసెటర్. చెరకు నమిలినా జంతిక కొరికినా ప్రధానంగా శ్రమపడేవి ఇవే. దవడ లోపలివైపు టెరిగాయిడ్లని మరో రెండు జతలున్నాయి, అవి బయటికి తెలియవు. గుర్తు తెలియని పుర్రె మీద మట్టితో ముఖం కట్టే శిల్పి మొదట పెట్టే కండరాలు ఈ బయటి రెండే.

ఈ విద్య 19వ శతాబ్దం చివర్లో జర్మనీలో కుదురుకుంది. 1894లో లైప్‌జిగ్‌లోని ఒక చర్చి ఆవరణలో కొన్ని ఎముకలు బయటపడ్డాయి. అవి సంగీతకారుడు బాఖ్‌వేనా అన్నది ప్రశ్న. శరీర నిర్మాణ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ హిస్, శవాల ముఖాల మీద అక్కడక్కడా సూది గుచ్చి, ఎముక దాకా మాంసం ఎంత మందం ఉందో కొలిచాడు. ఆ కొలతల ప్రకారం కార్ల్ జెఫ్నర్ అనే శిల్పి పుర్రె నమూనా మీద ముఖం కట్టాడు.

అయితే మందం కొలతలు సగటు లెక్కలు. సగటు మనిషంటూ ఎక్కడా ఉండడు. ఆ లోటును పట్టుకున్నవాడు రష్యన్ పరిశోధకుడు మిఖాయిల్ గెరాసిమోవ్. కండరం ఎముకను లాగుతూ లాగుతూ దాని మీద గుర్తు వదులుతుంది. మాసెటర్ బలంగా ఉన్నవాడి కింది దవడ మూల గరుకు తేలి, తరచు బయటికి విచ్చుకుని ఉంటుంది. టెంపొరాలిస్ ఎంతమేర పరుచుకుందో పుర్రె పక్కభాగంలో వంపు తిరిగిన గీత చెబుతుంది. (మగ గొరిల్లాలో ఈ కండరం ఎంత పెద్దదంటే, దానికి పట్టు దొరకడానికి నడినెత్తిన ఎముక గట్టులా లేస్తుంది.) పళ్లు ఊడిపోతే చిగుళ్ల కింది ఎముక అరిగి, ముఖం కింది భాగం కుదించుకుపోతుంది. ఇదంతా ఆ ఒక్క మనిషి గురించి ఆ ఎముకే ఇచ్చే సమాచారం.

1941 జూన్‌లో సమర్‌కంద్‌లో మధ్యాసియా పాలకుడు తైమూర్ సమాధి తెరిచినప్పుడు గెరాసిమోవ్ అక్కడే ఉన్నాడు. అవే రోజుల్లో హిట్లర్ సేనలు సోవియట్ యూనియన్ మీద పడ్డాయి. సమాధి తెరిచినందుకే యుద్ధం వచ్చిపడిందన్న శాపం కథకు, ఆయన కట్టిన ముఖం కన్నా ఎక్కువ ప్రచారం దక్కింది!

తర్వాతి కాలంలో ఇంగ్లండ్‌లో రిచర్డ్ నీవ్ మందం కొలతలు, కండరాల గుర్తులు అనే ఈ రెండు దారులనూ కలిపాడు. దానికి మాంచెస్టర్ పద్ధతి అని పేరు. అసలు పుర్రె జోలికి పోకుండా ప్లాస్టర్ నమూనా తీస్తారు. మాంసం మందం ఎంతో తెలిసేలా దాని మీద చిన్న చిన్న మేకులు నిలబెడతారు. కనుగుంటల్లో గుడ్లు అమర్చి, కణత గుంటను మట్టితో నింపుతారు. టెంపొరాలిస్ అక్కడ విసనకర్రలా పరుచుకుని, కొస సన్నబడి, చెంప ఎముక కమాను కింద దూరి దవడ కొమ్మును పట్టుకుంటుంది. కమాను అంచు నుంచి దవడ మూలకు మాసెటర్‌ను దించగానే ముఖం వెడల్పు తేలిపోతుంది. బుగ్గ, పెదవుల కండరాలు ఆ తర్వాతే. వాటి మీద పల్చటి మట్టి పొర చర్మమవుతుంది. ఇప్పుడు ఇదంతా కంప్యూటర్ తెర మీద కూడా చేస్తున్నారు. మట్టి పోయింది గానీ, కండరాల లెక్క అదే.

ఎముక చెప్పనివీ ఉన్నాయి. ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ అస్థిపంజరం 2012లో లెస్టర్‌లోని ఒక కారు పార్కింగ్ స్థలం కింద దొరికింది. మరుసటి ఏడు కారొలైన్ విల్కిన్సన్ ఆయన ముఖాన్ని పునర్నిర్మించింది. ముఖం ఆకారం పుర్రె నుంచి వచ్చింది. ముదురు రంగు జుట్టు, కళ్లు మాత్రం పాత చిత్రపటాల నుంచి తెచ్చుకున్నవి. 2014లో డీఎన్‌ఏ ఫలితాలు వచ్చాయి. కళ్లు నీలంగా ఉండే అవకాశం 96 శాతం, చిన్నతనంలోనైనా జుట్టు బంగారు రంగులో ఉండే అవకాశం 77 శాతం అని తేలింది. ఆకారం అలాగే ఉంది, రంగులు మార్చాల్సి వచ్చింది.

పోలీసు కేసుల్లోనూ అంతే. మట్టి ముఖం సాక్ష్యం కాదు. ఆ బొమ్మను చూసి ఎవరో ఒకరు ‘మావాడిలా ఉన్నాడే’ అనాలి. ఆ పైన పళ్ల రికార్డులో, డీఎన్‌ఏనో పేరు ఖాయం చెయ్యాలి. అయినా ఆ ఒక్క మాట కోసమే ఇంత శ్రమా సార్థకం అంటాను.

ఈసారి ఏ మ్యూజియంలోనో పత్రికలోనో ఇలాంటి ముఖం కనిపిస్తే కళ్లను చూసి మురిసిపోకండి. పెదవుల మీది చిరునవ్వు, చెవులు, జుట్టు చాలావరకు శిల్పి ఊహే. కణతలు, చెంప ఎముకలు, దవడ మూలలు చూడండి. నమ్మదగిన ముఖం అక్కడే ఉంటుంది.