కంప్యూటర్ పాఠం చెప్పే కుర్చీ ఎవరిది?

కవిత్వాన్నీ కథల్నీ విమర్శకుల్లాగ చదవడం మనకి అలవాటే. ప్రభుత్వ కాగితాల్ని మాత్రం దరఖాస్తుదారుల్లాగ చదువుతాం. చివరి తేదీ ఎప్పుడు, ఫీజెంత, ఎన్ని జిరాక్సులు జతపరచాలి అని చూసి పక్కన పెడతాం. విశ్వవిద్యాలయాల్లో కంప్యూటర్ సైన్స్ బోధించేవాళ్లని ఎట్లా ఎంచుకుంటున్నారో చెప్పే కాగితాల్ని ఈ వ్యాసంలో విమర్శకుల్లాగ చదవదల్చుకున్నాం. అర్హత అనేది ఇంటర్వ్యూ గదిలో బయటపడే సహజగుణమని అందరూ నమ్ముతున్నారు. అంతకు చాలా ముందే, రిజర్వేషన్ అడుగుపెట్టని చోట అది తయారవుతోందని మా వాదన.

ముందు నేల సంగతి. గుంటూరులో 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రం వచ్చింది. 1976లో అది నాగార్జున విశ్వవిద్యాలయం అయింది. ఆ తర్వాత పదేళ్లలోపే ఈ ప్రాంతంలో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు లేచాయి. వడ్డేశ్వరంలో 1980లో, బాపట్లలో 1981లో, చౌడవరంలో 1985లో. పొగాకు, పత్తి, మిర్చి మీద, వాటి వ్యాపారాల మీద మిగిలిన డబ్బు చదువు వ్యాపారంలోకి మళ్లిన కాలం అది. 1985 కారంచేడు, 1991 చుండూరు మనకి గుర్తున్నాయి. అదే కాలంలో ఇదే నేలమీద ఈ కాలేజీలు కూడా లేచాయన్న సంగతి మన చర్చల్లోకి రాలేదు. ఆ కాలేజీల్లో కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలయ్యాయి. 2017లో అమరావతికి ప్రైవేటు విశ్వవిద్యాలయాలొచ్చాయి. ఇవాళ ఈ ప్రాంతంలో కంప్యూటర్ పాఠం చెప్పే ఉద్యోగాల్లో ఎక్కువ భాగం ప్రైవేటు యాజమాన్యాల చేతిలోనే వున్నాయి.

అక్కడ ఉపాధ్యాయ నియామకాల్లో రిజర్వేషన్ లేదు. 2005లో రాజ్యాంగానికి చేసిన 93వ సవరణ ప్రైవేటు కాలేజీల సీట్ల గురించి మాట్లాడింది, కుర్చీల గురించి మాట్లాడలేదు. విద్యార్థిగా మనం లోపలికి వెళ్లొచ్చు. మన పేరుమీద ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ కట్టొచ్చు. ఆ సొమ్ములోంచి ఇచ్చే జీతాల్లో మాత్రం మన వాటా అడగకూడదు! అక్కడ ఉద్యోగాలు ప్రకటన చూసి రావడం తక్కువ, తెలిసినవాళ్లు చెబితే రావడం ఎక్కువ. ఆ ‘తెలిసినవాళ్లు’ అనే మాటలోనే కులం, వూరు, చుట్టరికం అన్నీ వున్నాయి.

దీనికీ ప్రభుత్వ విశ్వవిద్యాలయానికీ ఏం సంబంధం అని అడగొచ్చు. 2018 జులైలో వచ్చిన యుజిసి నిబంధనలు తీసి చూడండి. విశ్వవిద్యాలయ అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకి ఎవర్ని పిలవాలో తేల్చే 100 మార్కుల పట్టిక అందులో వుంది. డిగ్రీకి గరిష్ఠంగా 15, పీజీకి 25, పిహెచ్.డి.కి 30, జెఆర్ఎఫ్‌తో నెట్ వుంటే 7, ఉత్త నెట్ అయితే 5, పరిశోధనా పత్రాలకి 10, బోధనానుభవానికి 10, అవార్డులకి 3. ఇద్దరు అభ్యర్థుల్ని వూహించుకుందాం. ఇద్దరికీ డిగ్రీలోనూ పీజీలోనూ 60 శాతం దాటింది, 80 చేరలేదు. ఇద్దరికీ పిహెచ్.డి., నెట్ వున్నాయి. 13, 23, 30, 5 కలిపితే చెరొక 71. ఇక్కడిదాకా సమానం. మొదటి మనిషి ఐదేళ్లు ప్రైవేటు కాలేజీలో పాఠం చెప్పాడు. ఏడాదికి రెండు చొప్పున 10 మార్కులు. అక్కడి ల్యాబు, తోడు రాసే సీనియర్లు వుండబట్టి ఐదు పత్రాలు వేశాడు. పత్రానికి రెండు చొప్పున మరో 10. మొత్తం 91. రెండో మనిషికి ఆ ఐదేళ్లూ ఏ కాలేజీలోనూ చోటు దొరకలేదు. పిల్లలకి ట్యూషన్లు చెప్పి ఇల్లు నడిపాడు. ట్యూషన్‌కి మార్కుల్లేవు. అతను 71 దగ్గరే ఆగిపోయాడు. పట్టికలో కులం అనే మాటే లేదు. ఆ 20 మార్కుల్లో మాత్రం వుంది.

రిజర్వుడు పోస్టుకి మీలో మీరే కదా పోటీపడేది, నష్టమేమిటి అంటారు. నష్టం రెండు రకాలు. ఓపెన్ పోస్టు అంటే అందరిదీ అని అర్థం. ఈ 20 మార్కుల దెబ్బతో అది ఆచరణలో ఆధిపత్య కులాల కోటా అయిపోతోంది. రెండోది, రిజర్వుడు పోస్టుకి పిలిచినా అసలు ఎంపిక ఇంటర్వ్యూ మీదే జరగాలని అవే నిబంధనలు చెప్తున్నాయి. అప్పటిదాకా లెక్కగట్టిన మార్కులు గది గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. మాలో ఎంసిఏ చదివిన ఒకరు ఒకచోట ఇంటర్వ్యూకి వెళితే మొదటి ప్రశ్న ‘మీదేవూరు?’, రెండోది ‘వూళ్లో ఎక్కడ?’. డేటా స్ట్రక్చర్స్ మీద ప్రశ్న మూడోదిగానైనా రాలేదు. కమిటీలో మనవాళ్లెవరూ లేకపోతే ఒక సభ్యుణ్ణి వైస్ ఛాన్సలర్ నామినేట్ చెయ్యాలని నిబంధన వుంది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, స్త్రీలు, వికలాంగులు అందరికీ కలిపి ఆ ఒక్క కుర్చీ చాలని సరిపెట్టుకోవచ్చు.

ఆఖరికి ‘తగిన అభ్యర్థి దొరకలేదు’ అని రాస్తారు. మిర్చి యార్డు చుట్టుపక్కల, కోల్డ్ స్టోరేజీల దగ్గర తాలు కాయలు ఏరే కూలీల్లో మన ఆడవాళ్లున్నారు. ఏది తాలో, ఎందుకు తాలో వాళ్లని అడిగితే కాయ పట్టుకుని చూపిస్తారు. రంగు పోయింది, మచ్చపడింది అని చెప్తారు. పెద్దచదువులు చదివిన కమిటీ ఆపాటి వివరం కూడా ఇవ్వదు.

కంప్యూటర్ సైన్స్‌లో ఈ మాటకి ఇంకో బలం వుంది. ‘బాగా చదివినవాళ్లు సాఫ్ట్‌వేర్‌లోకి పోతారు, పాఠం చెప్పడానికి ఎవరొస్తారు’ అంటారు. అది నిజమే అనుకుందాం. జీతం చూసి వెళ్లిపోయేది అన్ని కులాలవాళ్లూ కదా! మరి రిజర్వుడు పోస్టు దగ్గరికి వచ్చేసరికే ఈ మాట ఎందుకు గుర్తొస్తుంది? సాంకేతిక విషయాలకి రిజర్వేషన్ పనికిరాదనే భావజాలం పాతది. 1992లో మండల్ కేసు తీర్పే ఇంజనీరింగ్, వైద్యం లాంటి వాటిల్లో అత్యున్నత నైపుణ్యం కావాల్సిన పోస్టులకి రిజర్వేషన్ తగదేమోనని అంది. 2020లో కేంద్రం వేసిన కమిటీ ఐఐటిల అధ్యాపక నియామకాల్ని రిజర్వేషన్ నుంచి మినహాయించమంది. యంత్రం ముందు కూర్చునేవాడి కులాన్ని యంత్రం అడగదు. కూర్చోబెట్టేవాళ్లే అడుగుతున్నారు.

పోస్టుకి పెట్టే పేరు కూడా రాజకీయమే. మన పిల్లల్లో చాలామంది బి.ఎస్సీ. కంప్యూటర్స్, ఆపైన ఎంసిఏ దారిలో వచ్చారు. పోస్టుని ‘కంప్యూటర్ అప్లికేషన్స్’ అని ప్రకటిస్తే ఆ దారి తెరిచివుంటుంది. ‘కంప్యూటర్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్’ అని ప్రకటిస్తే బి.టెక్., ఎం.టెక్. అడిగే ఏఐసిటిఇ నిబంధన వస్తుంది, తలుపు పడుతుంది. పాఠం చూస్తే రెండుచోట్లా చాలావరకు అదే.

రోస్టర్‌లోనూ పేర్లతోనే చిక్కు. మన రాష్ట్రంలో దశాబ్దాలుగా వాడిన రోస్టర్‌లో 2, 7 స్థానాలు ఎస్సీలవి, 8 ఎస్టీలది. విశ్వవిద్యాలయం మొత్తాన్ని ఒక యూనిట్‌గా లెక్కేస్తే ఆ స్థానాలు వస్తాయి. శాఖని యూనిట్ చేస్తే, కంప్యూటర్ సైన్స్, ఐటి, డేటా సైన్స్, ఎఐ అని కొత్తపేరు పెట్టిన ప్రతిసారీ లెక్క మళ్లీ ఒకటితో మొదలవుతుంది. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో 2017 అలహాబాద్ హైకోర్టు తీర్పు తర్వాత 2018లో యుజిసి శాఖని యూనిట్ చేసింది. అక్కడి లెక్కలో ఎస్సీకి 7వ పోస్టు, ఎస్టీకి 14వది. ఏడుగురు లేని శాఖలో ఎస్సీకి చోటే లేదు. విద్యార్థులు, అధ్యాపకులు వీధికెక్కితే 2019లో చట్టం వచ్చి మళ్లీ సంస్థ మొత్తం యూనిట్ అయింది. ఆ చట్టం కేంద్ర సంస్థలకే. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకి అది వర్తించదు.

ఇక్కడ ప్రకటనలు రావడమే అరుదు. 2017-18లో వచ్చినవీ, 2023 చివర్లో రాష్ట్ర విశ్వవిద్యాలయాలన్నిటికీ కలిపి 3,220 పోస్టులతో వచ్చినవీ కోర్టు వ్యాజ్యాల్లో చిక్కుకున్నాయి. పోస్టులు ఖాళీగా వున్నంతకాలం పాఠం ఆగదు. కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకులు చెప్తారు. వాళ్లలో మనవాళ్లూ వున్నారు. రెగ్యులర్ అధ్యాపకుడు లేకపోతే పిహెచ్.డి.కి గైడు వుండడు. గైడు లేకపోతే పట్టికలో 30 మార్కులు లేవు. ఖాళీలు మన అర్హతని కూడా ఖాళీ చేస్తున్నాయి.

మన లోపలి లెక్క కూడా చూసుకోవాలి. మాదిగ దండోరా 1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలోనే పుట్టింది. వర్గీకరణకి 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు దారి తెరిచింది, 2025లో రాష్ట్రం అమల్లోకి తెచ్చింది. వచ్చే ఒకటి రెండు పోస్టుల్లో ఎవరి వంతు ఎప్పుడో, అందులో స్త్రీల వంతు ఎక్కడో బాహాటంగా తేలాలి. రోస్టర్ రిజిస్టరు బీరువాలో వున్నంతకాలం మాల మాదిగలు ఒకర్నొకరు అనుమానించుకుంటూనే వుంటారు. ఆ అనుమానం వల్ల లాభం ఎవరికో చెప్పనక్కర్లేదు.

కాబట్టి మేము చర్చకి పెడుతున్నవి ఇవి. ప్రతి విశ్వవిద్యాలయం రోస్టర్ రిజిస్టరుని నోటీసుబోర్డులో పెట్టాలి. విశ్వవిద్యాలయం మొత్తాన్ని యూనిట్ చేస్తూ రాష్ట్రం చట్టం చెయ్యాలి. ‘తగినవారు లేరు’ అని రాసే కమిటీ ఒక్కో అభ్యర్థికీ కారణం రాసి సంతకం పెట్టాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునే ప్రైవేటు కాలేజీ తన అధ్యాపకుల సామాజిక వివరాలు ప్రకటించాలి, నియామకాల్లో వాటా ఇవ్వాలి. ఈ నాలుగోది జరక్కపోతే మొదటి మూడూ గెలిచినా ఆ 20 మార్కులు అక్కడే వుంటాయి.

ఈ వ్యాసం చదివే అధ్యాపక మిత్రులు రేపు తమ శాఖలో ఒక పని చెయ్యొచ్చు. మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, అవి ఏయే రోస్టర్ పాయింట్లు అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. అడిగినవాళ్లకి ఏం జవాబొచ్చిందో మాకూ రాయండి.