ఆర్ట్స్ గ్రూపు గిట్టుబాటు

సోషల్ సైన్సెస్ డిగ్రీకి పెట్టిన డబ్బు తిరిగొస్తుందా అనే ప్రశ్నకి మన ఇళ్ళల్లో జవాబు ఇంటర్‌లో గ్రూపు తీసుకునే రోజే తేలిపోతుంది. ఎంపీసీ, బైపీసీ అందనివాళ్ళకి సీఈసీ, హెచ్‌ఈసీ. లెక్క ఎవరూ వెయ్యరు. బ్రయన్ కాప్లన్ వేశాడు. 2018లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించిన 'ది కేస్ ఎగెయిన్‌స్ట్ ఎడ్యుకేషన్' పుస్తకమంతా ఆ లెక్కే. ఆయన జార్జ్ మేసన్ యూనివర్సిటీలో ఆర్థికశాస్త్రం ప్రొఫెసరు. అంటే దండగ అంటున్న వ్యవస్థలోనే జీతం తీసుకుంటున్నాడు. ఆ మాట దాచుకోడు కూడా.

చదువు నైపుణ్యాన్ని పెంచుతుంది, నైపుణ్యానికి జీతం వస్తుంది అన్నది గ్యారీ బెకర్ 1964లో పుస్తకంగా వేసిన వాదన. 1973లో మైకేల్ స్పెన్స్ ఇంకో దారి చూపించాడు: చదువు ఏమీ నేర్పకపోయినా, ఈ మనిషి బుర్ర ఉన్నవాడు, చెప్పిన పని ముగిస్తాడు అని యజమానికి ఒక గుర్తు దొరుకుతుంది. జీతం ఆ గుర్తుకే. కాప్లన్ ఈ రెండోదాన్ని పట్టుకుని, చదువు తెచ్చే అదనపు జీతంలో ఎనభై శాతం దాకా గుర్తు వాటానే అంటాడు. చూపించే ఆధారాల్లో నాకు బాగా పట్టింది ఒకటుంది. నేర్చుకున్నదానికే జీతమైతే కాలేజీలో గడిపిన ప్రతి ఏడాదికీ ఇంచుమించు ఒకేలా పెరగాలి కదా. పెరగదు. పట్టా చేతికొచ్చే ఆఖరి ఏడాదికే పెద్ద గెంతు.

పుస్తకంలో మేలైన భాగం రాబడి లెక్కలది. మామూలుగా ఇలాంటి లెక్కలు డిగ్రీ పూర్తిచేసినవాళ్ళ సగటు జీతం చూపించి ఊరుకుంటాయి. కాప్లన్ బాగా చదివేవాళ్ళని, నెట్టుకొచ్చేవాళ్ళని విడదీసి, మధ్యలో ఆగిపోయే అవకాశాన్ని కూడా లెక్కలో కలుపుతాడు. అసలు ఖర్చు ఫీజొక్కటే కాదని, ఆ ఏళ్ళల్లో సంపాదించకుండా వదులుకున్న జీతం కూడా అని గుర్తుచేస్తూనే ఉంటాడు. స్ప్రెడ్‌షీట్లు జనానికి అందుబాటులో పెట్టాడు కూడా. ఈ ఒక్క పనికి నా ఓటు ఆయనకే.

నా అభ్యంతరం సబ్జెక్టుల పోలిక దగ్గర. నేను మెకానికల్ చదివాను, కోడ్ రాసి బతుకుతున్నాను. క్యాంపస్‌కి వచ్చిన కంపెనీ అన్ని బ్రాంచీలవాళ్ళనీ కూర్చోబెట్టింది, అరవై శాతం మార్కులడిగింది, తీసుకున్నాక పని తనే నేర్పింది. ఇన్ఫోసిస్ మైసూరులో కట్టిన శిక్షణ క్యాంపస్ కూడా ఈ పద్ధతికి నిలువెత్తు సాక్ష్యమే. నా థర్మోడైనమిక్స్‌ని ఇప్పటిదాకా ఎవరూ కొనలేదు. అదే శిక్షణ ఇస్తే సోషియాలజీ చదివిన అమ్మాయి కూడా డేటాబేస్ క్వెరీ రాస్తుంది. కానీ ప్రకటనలో 'బీటెక్ మాత్రమే' అని ఉంటే ఆమె పరీక్ష గదిలోకే రాలేదు. జీతాల పట్టికలో మా ఇద్దరి మధ్య కనిపించే తేడాలో సబ్జెక్టు నేర్పింది ఎంత, ఈ ఒక్క లైను చేసింది ఎంత? కాప్లన్ సిద్ధాంతం ప్రకారమే ఇది అడగాల్సిన ప్రశ్న. పుస్తకం ఇక్కడ తొందరపడుతుంది. విడిగా ఒక విద్యార్థికిచ్చే సలహాగా ఆయన లెక్క నిలబడుతుంది, బ్యాంకు ఖాతా కారణాలడగదు. చదువుకి ప్రభుత్వం పెట్టే ఖర్చు తగ్గించాలనే దాకా వెళ్ళినప్పుడు మాత్రం ఆ విడదీత కావాలి.

చదువు మనసుకి మంచిది కదా అనేవాళ్ళకి ఒక అధ్యాయం కేటాయించాడు: పిల్లలకి క్లాసులు విసుగు, కావాలన్నవాడికి ఇంటర్నెట్‌లో అన్నీ ఉచితం. చురుగ్గా ఉంది గానీ చదివాక గుర్తుండదు.

కాప్లన్ లెక్క అమెరికాది. దాన్ని మన బీఏకి వెయ్యాలంటే ఇంకో వరుస చేర్చాలి: ఎదురుచూపు. మన దగ్గర చాలామందికి ఈ డిగ్రీ చివర కనిపించేది సర్వీస్ కమిషన్ పరీక్షే. తెలంగాణ 2014లో ఏర్పడితే మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది 2022 ఏప్రిల్‌లో, 503 పోస్టులకి. ఆ అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్ళీ పెట్టినదాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, అక్టోబరులో మెయిన్స్. ఇరవై రెండేళ్ళకి డిగ్రీ అయినవాళ్ళకి ఇందులో ఎన్నేళ్ళు పోయాయో లెక్కపెట్టండి. వదులుకున్న జీతమంటే ఇదే.

ఇక్కడే కాప్లన్‌కి ఎదురు తిరిగే సంగతి ఒకటుంది. ఆ పరీక్షల సిలబస్‌లో పెద్ద భాగం చరిత్ర, రాజ్యాంగం, ఆర్థికవ్యవస్థ, సమాజం, తెలంగాణ ఉద్యమం. హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఇవి నేర్చుకోడానికి బీటెక్‌లు డబ్బు కట్టి కూర్చుంటారు. సోషల్ సైన్సెస్‌కి గిరాకీ లేదనడం కుదరదు. గిరాకీ అంతా సబ్జెక్టుకి, డిగ్రీకి కాదు. గుర్తుకి విలువ, చదువుకి లేదు అనే సూత్రం ఇక్కడ తలకిందులైంది. బీటెక్‌కి పరీక్ష పోతే వెనక్కి వెళ్ళడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూ ఉంది. మూడేళ్ళు అవే సబ్జెక్టులు చదివిన బీఏ విద్యార్థి అదే బెంచీ మీద, అదే మెటీరియల్‌కి రెండోసారి ఫీజు కడతాడు. ఆ రెండో ఫీజు, అశోక్‌నగర్ రూము అద్దె, రద్దైన పరీక్షల ఏళ్ళు కలిపి ఎవరైనా స్ప్రెడ్‌షీట్ వేస్తే బాగుండు.