యామునుని రాజనీతి: సింహాసనం దిగుతున్నవాని మాట

ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసంలోని రాజనీతి ప్రకరణాన్ని మనం చాలాకాలంగా కావ్యం నుంచి విడదీసి చదువుతున్నాం. చరిత్రకారులకు అది విజయనగర పరిపాలనను తెలిపే ఆకరం. పాఠ్యగ్రంథ సంకలనకర్తలకు నీతిపద్యాల గుత్తి. భక్తిప్రబంధంగా చదివేవారు దాన్ని కథాగమనానికి అడ్డమని దాటిపోతారు. ఈ నీతిని ఎవరు, ఏ సందర్భంలో చెబుతున్నారన్న ప్రశ్నను ఇరుపక్షాలూ పెద్దగా పట్టించుకోలేదు.

చెబుతున్నవాడు యామునాచార్యుడు. పాండ్యసభలో శాస్త్రవాదంలో గెలిచి అర్ధరాజ్యం పొందాడు, పొందిన రాజ్యంలో తన్ను తాను మరచిపోయాడు. శ్రీరామమిశ్రుడు ఆకుకూర తెచ్చి ఇచ్చే నెపంతో వంటశాల దారిన అతనికి చేరువై, పెద్దలు దాచిన నిధి ఒకటి ఉన్నదని చెప్పి శ్రీరంగం వైపు తిప్పుతాడు. కావేరి రెండు పాయల నడుమ ఉన్న ఆ నిధి రంగనాథుడే. కుమారునికి పట్టం కట్టి తాను వెళ్లిపోతున్న వేళ యామునుడు చెప్పిన మాటలే ఈ రాజనీతి. అంటే రాజ్యం మనిషిని ఎంతగా లోబరచుకోగలదో అనుభవించి తెలిసినవాని ఉపదేశమిది.

ఇంతటి వైరాగ్య ఘట్టంలో వినిపించే నీతి ఎలా ఉండాలి? పరమవైష్ణవుడైన తండ్రి కుమారునితో విష్ణుభక్తిని రాజ్యమంతటా స్థాపించమని చెబుతాడని ఆశిస్తాం. ప్రకరణంలో బరువంతా మరోచోట ఉంది. రేవులను బాగుచేయాలి, గుర్రాలను, ఏనుగులను తెచ్చే పరదేశి వర్తకులకు ఊళ్లు, మంచి ఇళ్లు ఇచ్చి దగ్గర ఉంచుకోవాలి, లేకుంటే అవి శత్రువు పాలవుతాయి. చెరువులు, కాలువలు తవ్వించి పేదరైతుకు పన్ను తగ్గించాలి. ఆదాయంలో సగం సైన్యానికే పోవాలి. దుర్గాలను బ్రాహ్మణులకు అప్పగించమన్న సలహాకు చూపిన కారణం కూడా గమనించదగ్గది: తక్కిన వర్ణాల అధికారుల ఎదుట నవ్వులపాలు కావలసివస్తుందన్న భయంతో వారు ప్రాణం మీదికి వచ్చినా చోటు విడువరట! కారణం పూర్తిగా లౌకికం.

ఇదే కావ్యంలో విష్ణుచిత్తుని కథ వేరే తీరున నడుస్తుంది. మధుర రాజు మత్స్యధ్వజుడు భోగిని ఇంటికి పోతూ దారిలో ఒక సుభాషితం విని కలతపడతాడు. ముక్తినిచ్చే దైవం ఎవరో తేల్చమని సభ పెడతాడు. పూలమాలలు కట్టడం తప్ప శాస్త్రం తెలియదన్న విష్ణుచిత్తుడు దైవాజ్ఞతో వెళ్లి గెలుస్తాడు. అక్కడ మతం రాజు అంతరంగాన్ని పట్టుకుంటుంది. యామునుని నీతిలో మాత్రం రాజ్యయంత్రం జోలికి పోదు. ఈ వ్యాసకర్త దృష్టిలో ఇది కవి ఏమరుపాటు కాదు. రాయల భావనలో విశ్వాసం రాజు అనే వ్యక్తిది; పాలనావిధానం మరొకటి.

శాసనాలు ఈ పఠనానికి కొంత బలమిస్తాయి. కావ్యాన్ని తిరుమల వేంకటేశ్వరునికి అంకితమిచ్చిన రాయల దానశాసనాల చివర కనిపించే సంతకం ‘శ్రీ విరూపాక్ష’. 1510 నాటి హంపి శాసనం ఆయన పట్టాభిషేక సందర్భంగా విరూపాక్షాలయంలో చేయించిన నిర్మాణాలను పేర్కొంటుంది. కవి వైష్ణవుడు, సింహాసనం మాత్రం సంగమ వంశం నాటి నుంచి వచ్చిన శైవచిహ్నాన్ని వదులుకోలేదు.

అయితే ఈ విభజనను మరీ సాగదీయరాదు. 1514లో ఉదయగిరి దుర్గాన్ని జయించిన రాయలు అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని రాజధానికి తెచ్చి ఆలయం కట్టించాడు. గజపతుల కోటలోని దైవాన్ని తన నగరంలో నిలపడం భక్తి ఎంతో విజయప్రకటన కూడా అంతే. కావ్యావతారికలో ఆంధ్రవిష్ణువు శ్రీకాకుళంలో కలలో కనిపించి తెలుగులో కావ్యం చెప్పమన్నదీ కళింగ దండయాత్ర దారిలోనే. సైన్యం, స్వప్నం ఒకే బాటన నడిచాయి. రాయల మతసహనాన్ని మాత్రమే కీర్తించే వ్యాసాలు ఈ బాటను చూడవు.

కనుక రాజనీతి పద్యాలను ముద్రించేటప్పుడు శ్రీరామమిశ్రుని ఘట్టాన్ని వాటి ముందు ఉంచి చదివించడం అవసరం. అప్పుడే చివరి ఉపదేశపు స్వరం సరిగా వినబడుతుంది. కన్నదానిని, విన్నదానిని ఉపేక్షింపక శక్తికొలది శిష్టులను రక్షించి దుష్టులను శిక్షించమంటాడు యామునుడు. ఆ ‘శక్తికొలది’ అన్న పరిమితిని పెట్టినవాడు, తన శక్తి చాలదని గుర్తించి శ్రీరంగం దారి పట్టినవాడే.