కోపం ఎవరి మీద?

“అంతా బెదిరియ్యనీకే సార్, నాటకాలు.” ప్రాణం తీసుకోబోయి బతికిన మనిషి మంచం పక్కనే ఈ మాట ఎన్నోసార్లు విన్నాను. ఒక్కోసారి బంధువులు, ఎక్కువసార్లు వార్డు సిబ్బంది. ఎల్లారెడ్డి, లింగంపేట, గాంధారి దిక్కు నుంచి అర్ధరాత్రి కామారెడ్డి చేరే ఈ కేసులంటే మా వాళ్లకు విసుగు. నాకూ వస్తుంది. ఆ విసుగును గమనించుకోవడమే మానసిక వైద్యుడి అసలు పని అంటాను.

1974లో మాల్ట్స్‌బెర్గర్, బూయీ అనే అమెరికన్ వైద్యులు ఇదే రాశారు. చావాలనుకునే రోగి వైద్యుడిలో ద్వేషం రేపుతాడు. అందులో కోపం కన్నా వదిలించుకోవాలన్న కోరికే ఎక్కువ ప్రమాదం. తొందరపడి రాసే డిశ్చార్జిలో అది బయటపడుతుంది. డిశ్చార్జి తర్వాతి వారాలే రోగికి గడ్డుకాలం.

ఒక రైతు గుర్తొస్తాడు, వివరాలు మార్చి చెబుతున్నాను. “నేనుంటే ఇంటికి బరువే” అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అప్పు గురించి అడిగితే పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. భూమి పంపకాల మాట రాగానే సెలైన్ ఎక్కుతున్న చెయ్యి బిగుసుకుంది, గొట్టంలోకి రక్తం ఎగదన్నింది. “అన్ననేమంటం సార్, తండ్రి లెక్క సాదిండు.” అప్పు అబద్ధం కాదు. కానీ అప్పున్న వాళ్లందరూ ఈ మంచం దాకా రారు. ప్రేమించిన మనిషి మీది కోపం తన మీదికే తిరుగుతుందని ఫ్రాయిడ్ 1917లో రాశాడు. ఆయన మన పంపకాల పంచాయితీలు చూడలేదు గానీ, చూసుంటే ఆశ్చర్యపోయేవాడు కాదు.

ఇంతలో వాళ్లింటివాళ్లు నన్ను పక్కకు పిలిచారు. “కడుపునొప్పి అని రాయండి సార్, పోలీసోళ్లొస్తరు.” అలా రాసేస్తే అన్న సంగతి ఇక ఎవరూ అడగరు. పోలీసు కేసు భయం పాత చట్టం నాటిది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అంటుంది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ అసలు లేదు.

మీ ఇంట్లో ఎవరైనా “నేను బరువు” అంటుంటే కొట్టిపారేయకండి. చావాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ఎవరి మీద కోపముందో కూడా అడగండి, జవాబుకు ఉలిక్కిపడకండి. టెలి మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.